ఒక్కసారే పిలిచే రేవు

కల్లిరోయికి అరవై ఒకటి. దీపాలు పెట్టాక ఎవరిని పిలిచినా రెండుసార్లు పిలుస్తుంది.

ఆఖరికి పిల్లిని కూడా. "మౌరో... మౌరో" అని రెండుసార్లు వినపడితే గానీ ఆ పిల్లి గోడ దిగదు. మా దీవిలో ఈ అలవాటు అందరికీ అంతో ఇంతో ఉంది. చీకటి పడ్డాక ప్రాణమున్న మనిషి రెండుసార్లు పిలుస్తాడు. చచ్చినవాళ్ళకు ఒక్క పిలుపుకు సరిపడా ఊపిరే మిగిలి ఉంటుంది. అందుకని ఒక్కసారి వినపడితే పలకకూడదు. పలికారా — తెల్లారి మిమ్మల్ని ఎవరు పిలిచినా మీరు పలకరు.

ఈ కథ నాకు చెప్పింది పొలిక్సేని. ముప్పై ఏళ్ళు రేవులో ఓడ టిక్కెట్లు అమ్మిన మనిషి. ఆవిడ గుసగుసలాడితే గట్టు మీద గాడిదలు తలలు తిప్పి చూస్తాయి. ఆవిడ ఏం చెప్పినా సగం కోసేసి వినాలి. కోయాల్సింది కోసేశాకే మీకు చెబుతున్నాను.

మా దీవికి వెనక, పడవ మీద గంట దూరంలో, మనుషులు లేని చిన్న దీవి ఒకటుంది. గుర్రపు నాడాలా వంగిన రేవు. నీళ్ళు ఎంత బాగుంటాయంటే, పడవ నీడ అడుగున ఇసుక మీద పడుతుంది. అయినా అక్కడ రాత్రి ఎవరూ లంగరు వెయ్యరు. దాన్ని పిలుపు రేవు అంటారు.

వందేళ్ళ కిందట మారుసో అనే ఆవిడ ఉండేదట. సముద్రం అడుగున పెరిగే స్పాంజీలు తీయడానికి పోయిన మొగుడు తిరిగి రాకపోతే, రాత్రిపూట చిన్న పడవేసుకుని ఒక్కతే వెతకబోయింది. గాలి ఆ పడవను ఈ రేవులో రాళ్ళకేసి కొట్టింది. ఆ రాత్రి అక్కడ మూడు పెద్ద పడవలు లంగరేసుకుని ఉన్నాయి. వాటి మీద పదిహేను మంది మగవాళ్ళు. అందరికీ ఒక పిలుపు వినపడింది... ఒక్కటే. రెండోసారి పిలిచేలోపు నోట్లోకి నీళ్ళు పోయి ఉంటాయి. ఒక్కసారే పిలిచింది కాబట్టి, ఆచారం ప్రకారం, ఎవరూ పలకలేదు.

తెల్లారి ఖాళీ పడవ తేలింది. అప్పట్నుంచీ మారుసో దెయ్యమైందనీ, పేరు పెట్టి పిలిచి మనుషుల్ని మింగుతుందనీ చెప్పుకుంటారు. పలకని ఆ పదిహేను మందిని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళు నిండు నూరేళ్ళు బతికి, మనవలను ఈ కథతో భయపెట్టి, మంచాల మీద పోయారు.

సరే. కల్లిరోయి సంగతి.

ఆవిడ మొగుడు పాండెలిస్‌కు పదకొండు మీటర్ల సొంత పడవ ఉండేది. చెక్క పడవ, ఇంజినూ తెరచాపా రెండూ ఉన్నది. పేరు 'డెస్పినా'. అది వాళ్ళమ్మ పేరు. ముప్పై నాలుగేళ్ళు ఆ పడవ మీద ప్రతి వేసవీ ఇద్దరూ దీవులు తిరిగారు. పాండెలిస్ చుక్కాని పట్టుకునేవాడు. మిగతా పడవంతా ఆవిడ పట్టుకునేది. వంట, తాళ్ళు, లంగరు, రంగులు, నేల కడగడం, ఆయన వాంతులు కడగడం. చుక్కాని ముట్టుకోనిచ్చేవాడు కాదు. "నీ చేతికి ఉల్లి వాసన, దానికి పడదు" అనేవాడు.

నిరుడు కాక ముందటి చలికాలం పాండెలిస్ పోయాడు. పిల్లల్లేరు, వీలునామా లేదు. పడవలో సగం కల్లిరోయికి, సగం ఆయన తమ్ముడు నికీతాస్‌కు వచ్చింది. నికీతాస్‌కు సగంతో తృప్తి లేదు. అసలు ఏ మగాడికి ఉంది గనక.

"వదినా, సముద్రం వంటింటి కుళాయి కాదు," అన్నాడు జూలై నెలలో, రేవు పక్కన కాఫీ కొట్లో, ఊరందరి ముందూ. అన్నాక దగ్గాడు. పొగాకు దగ్గు, ఖ్ఖు అని చిన్నది. ప్రతి మాటకూ చుక్క పెట్టినట్టు దగ్గుతాడు. "నీ సగం నాకిచ్చెయ్. ఆదివారాలు ఎక్కించుకుని తిప్పుతాలే."

"ఎక్కడ కూచోబెడతావ్?"

"ఎక్కడేమిటి, నీ చోటే. పొయ్యి దగ్గర. ఖ్ఖు."

కల్లిరోయి కప్పెత్తి కాఫీ మొత్తం తాగేసింది. అడుగున మడ్డితో సహా. అది చూసి కొట్టువాడు భయపడి రెండడుగులు వెనక్కి వేశాడని పొలిక్సేని అంటుంది. ఇది నేను కొయ్యాల్సిన సగంలోది కావచ్చు.

"నేను నడపగలను," అంది.

"సరే, నడుపు. నాలుగు దీవులు చుట్టి, మేరీమాత పండగ నాటికి పడవ మీద గీత పడకుండా తెచ్చి ఇక్కడ కట్టు. నా సగం కూడా నీదే. కానీ పడవ మీద మగపురుగు ఉండకూడదు. దారిలో ఒక్క మగాణ్ణి సాయం పిలిచినా నీ సగం నాది."

"ఆడదాన్ని పిలవచ్చా?"

"పిలుచుకో. వచ్చి ఏం చేస్తారు, సూప్ కాస్తారా?"

కొట్టంతా నవ్వింది. పక్క బల్ల దగ్గరున్న చర్చి ఫాదర్ కూడా నవ్వి, ఆ నవ్వుతోనే సాక్షిగా ఉంటానని ఒప్పుకున్నాడు.

ఆగస్టు పదో తారీఖు పొద్దున్నే పొలిక్సేని రెండు చంకల్లో రెండు పుచ్చకాయలతో పడవెక్కింది. ఆవిడ వెనకే చిన్న సంచితో ఆర్గిరో. ఆర్గిరో ఎవరో చెప్పలేదు కదూ. నికీతాస్ పెళ్ళాం.

"నువ్వెక్కడికే?" అన్నాడు గట్టు మీంచి నికీతాస్.

"అక్కకు తోడు."

"మరి నా తిండి?"

"చిక్కుడు గింజలు నానబోశాను. ఉడకబెట్టుకో."

రేవు దాటడమే అసలు పరీక్ష. ఇటు చేపల పడవలు, అటు పెద్ద ఓడ, మధ్యలోంచి వెనక్కి నడిపి, తిప్పి, బయటికి తీయాలి. గట్టు మీద ఊరంతా నిలబడి, ఎప్పుడు గుద్దుతుందా అని ఆశగా చూస్తోంది. గుద్దలేదు. దీపస్తంభం దాటగానే ఎవరు మొదలుపెట్టారో తెలీదు — నవ్వు. ఎందుకు నవ్వుతున్నారో కూడా తెలీదు. నవ్వీ నవ్వీ పొలిక్సేని ఒక పుచ్చకాయ మీద కూలబడింది. ప్రయాణంలో జరిగిన మొదటి నష్టం అదే.

ఆ తర్వాత మూడు రోజులు... మా అరవై ఏళ్ళ ఆడవాళ్ళకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది, బతుకు ఇలా కూడా ఉంటుందని. లోపావడాలతో నీళ్ళలోకి దూకారు. పొద్దుటి టిఫిను పన్నెండింటికి, మధ్యాహ్నం భోజనం సాయంత్రం ఆరింటికి. ఎవరికి ఆకలేస్తే వాళ్ళు రొట్టె ముక్క మీద టమాటా రుద్దుకుని తిన్నారు. రెండో దీవిలో కల్లిరోయి పడవను వెనక్కి తెచ్చి గట్టుకు ఎంత నిదానంగా ఆనించిందంటే, పక్క పడవలో నిద్రపోతున్న కుక్క లేవలేదు. ఆర్గిరో చుక్కాని పట్టుకుని, "అక్కా, ఇది ఇంత తేలికా?" అంది. "చెప్పకు ఎవరికీ," అంది కల్లిరోయి. "తేలికని తెలిస్తే వాళ్ళ పరువు పోతుంది."

ప్రతి దీవిలోనూ ఆర్గిరో ఫోను మోగేది. నికీతాసే.

"చిక్కుళ్ళు ఎంతసేపు ఉడకాలి?"

"ఉడికేదాకా."

మూడో రోజు ఆర్గిరో ఫోను కట్టేసి పప్పు డబ్బాలో పడేసింది.

పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం ఉత్తరపు గాలి లేచింది. ఆగస్టు గాలి సంగతి మాకు తెలిసిందే. చెప్పి రాదు, వస్తే పోదు. నాలుగో దీవి అయిపోయింది, ఇల్లు గంట దూరంలో కనపడుతూనే ఉంది. కానీ ఆ గంటా గాలికి ఎదురు పోవాలి. అలలు పడవ ముక్కు మీదికెక్కి వంటగదిలోకి వస్తున్నాయి.

"వెనక్కి తిరిగితే?" అంది పొలిక్సేని.

"పండగ రేపే."

"మరి?"

కల్లిరోయి చుక్కాని తిప్పింది. ఎటు తిప్పిందో ఇద్దరికీ తెలిసింది. ఆ గాలికి చుట్టుపక్కల చాటు ఒక్కటే.

పిలుపు రేవు.

పొద్దు గుంకే వేళకు లోపలికి వచ్చారు. గాలి కొండ మీంచి ఉండుండి విసురుగా దిగుతోంది. కల్లిరోయి లంగరు వేసింది. గొలుసు ఎంత వదలాలో అంతే వదిలింది. అంటే పాండెలిస్ వదిలేటంత, లోతుకు మూడింతలు. ఒడ్డున ఎండిపోయిన అత్తిచెట్టు ఒకటుంది, దాని ముందు చీలిన రాయి. చెట్టు సరిగ్గా ఆ చీలికలో కనపడుతోంది. అది గుర్తు పెట్టుకుంది. గుర్తు కదిలితే పడవ కదిలినట్టు. ఇది ఆవిడకు ఎవరూ నేర్పలేదు. ముప్పై నాలుగేళ్ళు గిన్నెలు తోముతూ చూసింది.

సోంపు వాసన సారా ఒక్కో చుక్క వేసుకున్నారు. తర్వాత ఇంకో చుక్క. పడుకున్నారు. ఆర్గిరో దుప్పటి ముసుగు పెట్టేసింది. పొలిక్సేనికి భయమేస్తే ఆకలి. చీకట్లో కూచుని ఆలివ్ కాయలు నములుతోంది.

పది దాటి ఉంటుంది.

"కల్లిరోయి..."

ఒక్కసారే.

ఆడగొంతు. సన్నగా... తడిగా. పొలిక్సేని మాట అది. గొంతు తడిగా ఎలా ఉంటుంది అని అడిగాను. "విని ఉంటే నువ్వూ అదే అంటావ్" అంది.

పొలిక్సేని నోట్లో గింజ నోట్లోనే ఉండిపోయింది.

"విన్నావా?" అంది, తనకు చేతనైనంత గుసగుసగా.

"పలక్కు," అంది కల్లిరోయి.

"నన్ను కాదుగా పిలిచింది. నిన్ను."

"అందుకే చెబుతున్నా. నా తరఫున నువ్వు పలక్కు."

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. రెండో పిలుపు వస్తే బాగుండు... ఎవరో దారి తప్పిన మనిషి అయితే బాగుండు...

రాలేదు. గాలి ఒక్కటే. పొలిక్సేని నోట్లోంచి గింజ తీసి పళ్ళెంలో పెట్టింది. ఠంగుమంది.

కల్లిరోయి లేచింది.

"ఎక్కడికే... ఎక్కడికే?"

"పైకి. పలకకూడదన్నారు గానీ, లేవకూడదని ఎవరూ అనలేదు."

పైకి వచ్చి చూసింది. వెన్నెల బాగానే ఉంది. చీలిన రాయి ఉంది. చీలికలో — చెట్టు లేదు.

చెట్టు ఎడం పక్కకు నడిచిపోయింది. చెట్లు నడవవు. కల్లిరోయి వెనక్కి తిరిగింది. పడవ వెనక, రెండు తెడ్ల దూరంలో, నల్లటి రాళ్ళు నురగ కక్కుతున్నాయి. లంగరు పట్టు వదిలి జారుతోంది. ఇంకో పది నిమిషాలు కిందే ఉండిపోతే 'డెస్పినా' పుల్లలయ్యేది, వీళ్ళు మారుసో పక్కన చేరేవాళ్ళు.

పొలిక్సేని పైకి వచ్చి అది చూసి, దెయ్యాన్ని మర్చిపోయి రేడియో అందుకుంది.

"రేవు ఆఫీసుకు చెబుదాం."

"ఈ రాత్రి అక్కడ ఎవరుంటారు?"

"లంబ్రోస్."

"మగాడేగా."

"వాళ్ళావిణ్ణి అడిగితే అంత గట్టిగా చెప్పదు."

"పెట్టెయ్."

"ప్రాణాలు పోతాయే, పడవ కోసం..."

"పొలిక్సేని... పొలిక్సేని," అంది కల్లిరోయి, రెండుసార్లు, నెమ్మదిగా. "ముందుకెళ్ళి గొలుసు లాగు. నేను లాగమన్నప్పుడు లాగు, ఆపమన్నప్పుడు ఆపు. లంగరు పైకి రాకపోతే నేనే లంబ్రోస్‌ని పిలుస్తాను. ఒట్టు."

ఇంజిను పెట్టింది. అది ఒకసారి దగ్గింది, రెండుసార్లు దగ్గింది, అందుకుంది. రేవంతా ఆ మోతతో నిండిపోయింది. పడవ ముందుకు పాకింది. పొలిక్సేని గొలుసు లాగుతూ తిట్టిన తిట్లు నాకు అక్షరం తేడా లేకుండా చెప్పింది గానీ ఇక్కడ రాయను. లంగరు పైకి వచ్చింది. పిడికెడు నాచు పట్టుకుని వచ్చింది. ఇసుకలో కాక నాచులో పడిందన్నమాట. కల్లిరోయి పడవను గుండ్రంగా తిప్పి, తెల్లగా ఇసుక మెరిసే చోట ఆపింది.

"వదులు. ఇంకా. ఇంకా."

"పాండెలిస్ ఇంత వదిలేవాడు కాదే."

"తిరిగి లాగడానికి బద్ధకమై. ఆరింతలు వదులు."

గొలుసు గలగలా దిగింది. పడవ ఒకసారి వెనక్కి జరిగి, దూడ తాడు బిగిసినట్టు టక్కున ఆగింది. ఆగిందంటే ఆగింది. కల్లిరోయి ఇంజిను ఆపింది. ఇద్దరూ అక్కడే నేల మీద కూలబడి, ఒకరి మీద ఒకరు పడి, మళ్ళీ ఆ నవ్వే... కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా.

అప్పుడు —

"కల్లిరోయీ..."

నవ్వు ఆగిపోయింది.

ఒక్కసారే. ఆడగొంతే. ఈసారి ఒడ్డు మీంచి, ఇంకా సాగదీసి. ఆ వెనకే ఏదో చిన్న చప్పుడు... ఖ్ఖు... రాళ్ళ మధ్య నీళ్ళు కొట్టుకున్నాయేమో.

చీలిన రాతి మీద తెల్లగా నిలబడి ఉంది. చేతులు చాపింది. గాలికి ఒళ్ళంతా రెపరెపలాడుతోంది. ఆ తెలుపులో... చిల్లులు. చిల్లుల్లోంచి వెన్నెల కనపడుతోంది.

ఇద్దరూ నాలుగు కాళ్ళ మీద పాకుతూ కిందికొచ్చి తలుపు గడియ వేసుకున్నారు. ఆర్గిరో ముసుగు కింద గజగజలాడుతోంది.

"పాపం, ఏడుస్తోంది," అంది పొలిక్సేని ఆ ముసుగు వైపు చూసి, పళ్ళెంలో రెండో గింజ పెడుతూ. లెక్క తెలిస్తే రేపు ఫాదర్‌తో అన్ని ప్రార్థనలు చదివించుకోవచ్చని.

చాలాసేపటికి మూడో పిలుపు. ఆ వెనకే ఏదో ధబ్బున నీళ్ళలో పడిన చప్పుడు. తర్వాత ఎవరో చిన్నగా ఏదో అన్నట్టు... దెయ్యం బూతులాడుతుందా? ఆడదని చెప్పారు గానీ చదువుకున్నదని చెప్పలేదు కదా.

ఇంకో గంటకు నాలుగోది. ఈసారి గొంతు వణికింది. "క-క-కల్లిరోయి..." ఖ్ఖు.

"చలేస్తోందేమో దానికి," అంది కల్లిరోయి.

"జాలి పడకే. జాలి పడితే పలుకుతావు."

నాలుగో గింజ. ముసుగు కింద ఆర్గిరో ఇంకా వణుకుతూనే ఉంది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. తూర్పున తెల్లబడింది. గాలి కాస్త తగ్గింది. కల్లిరోయీ పొలిక్సేనీ కాఫీ గిన్నెతో పైకి రాబోతుండగా —

"వదినా... వదినా..."

రెండుసార్లు.

ఇద్దరూ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. అప్పుడు ఆర్గిరో ముసుగు తీసింది. ముఖం ఎర్రగా ఉబ్బి ఉంది. ఏడ్చి కాదు. రాత్రంతా నవ్వు ఆపుకుని.

"ఇప్పుడు పలకొచ్చక్కా," అంది. "మా ఆయన."

రాతి మీద నికీతాస్. లోపలి బనీను, తడిసిన లాగు, ఒంటి చుట్టూ తెల్లటి లేసు గుడ్డ. ముళ్ళకు తగిలి ఒక పక్క చిరిగింది.

"అది నా పెళ్ళినాటి బల్లగుడ్డ," అంది ఆర్గిరో, మొదటిసారి నవ్వు మానేసి.

ముక్కలు ముక్కలుగా బయటపడిన సంగతి ఇదీ. ఈ గాలి లేస్తే వదినకు ఇంకో చాటు లేదని నికీతాస్‌కు తెలుసు. ముందే చిన్న మోటారు పడవేసుకుని వచ్చి దీవికి అవతలి పక్క దాక్కున్నాడు. నాలుగు కేకలేస్తే బెదిరిపోయి, రేడియోలో ఎవరో ఒక మగాణ్ణి పిలుస్తారు, పడవ తనదవుతుంది. దెయ్యంలా పిలవడం బాగానే జరిగింది. కానీ హడావుడిలో తన పడవను ఒక్క ముడితో కట్టాడు. ఇంతలో అది తాడు విప్పుకుని, దీవి కొస చుట్టి, ఈ రాతి ముందు నుంచే సముద్రం చూడబోయింది. పట్టుకోబోయి నీళ్ళలో పడి, రాయి పట్టుకుని ఎలాగో ఎక్కాడు. ఈత రాదు. మా దీవి మగవాళ్ళలో సగం మందికి రాదు. సముద్రం మాదే అంటారు గానీ అందులో దిగరు.

ఇక చూడండి ఆయన గతి. తడిసిన లేసులో, ఉత్తరపు గాలిలో, ఎదురుగా వెచ్చటి పడవ. ఒక్కసారి పిలిస్తే దెయ్యమని పలకరు. రెండుసార్లు పిలిస్తే మనిషని పలుకుతారు, కానీ అప్పుడు నికీతాస్ ఆడవాళ్ళను సాయం పిలిచినట్టు. నాలుగైదు గంటలు ఆ రాతి మీద తూకం వేసుకుంటూ కూచున్నాడు. పరువా, ప్రాణమా అని. మగవాళ్ళకు ఆ లెక్క తేలడానికి తెల్లారాలి.

కల్లిరోయి తాడు విసిరింది. లాగి పడేశారు. దుప్పటి కప్పి, వేడి కాఫీ చేతిలో పెట్టారు.

"నీకు రాత్రే తెలుసా?" అన్నాడు పెళ్ళాంతో, పళ్ళు కొట్టుకుంటూ.

"దెయ్యానికి పొగాకు దగ్గు ఎందుకుంటుంది? ముప్పై ఏళ్ళుగా వింటున్నాను."

"మరి పలకలేదేం?"

"ఇంట్లో నేను పిలిస్తే నువ్వు ఎన్నోసారికి పలుకుతావు?"

నికీతాస్ కాఫీలోకి చూసుకున్నాడు.

"నాలుగుసార్లు పిలిచావు, నా గుండె నాలుగుసార్లు ఆగింది," అంది పొలిక్సేని పళ్ళెం ఆయన ముక్కు కింద పెట్టి.

"మూడు," అన్నాడు నికీతాస్.

"నాలుగు. గింజలు చూసుకో."

"మూడే. ఖ్ఖు. సాయంత్రం ధైర్యానికి సీసాడు తాగి పడవలో నిద్రపోయాను. మీ ఇంజిను చప్పుడుకే మెలకువ వచ్చింది. ఆ తర్వాతే కొండెక్కి ఇటు దిగాను."

పొలిక్సేని మొదటి గింజను వేలితో పక్కకు జరిపింది.

కల్లిరోయి ఇంజిను పెట్టింది... మొదటి పిలుపు తర్వాత.

"మొదటిసారి దగ్గు లేదు," అంది ఆర్గిరో మెల్లగా. "అందుకే అప్పుడు నేను నవ్వలేదు."

కల్లిరోయి కప్పు కింద పెట్టింది. ముందుకెళ్ళి గొలుసు తనే లాగింది. ఇంజిను పెట్టి, పడవను రేవు మూతి దాకా తెచ్చి, చుక్కాని ఆర్గిరో చేతికిచ్చింది. వెనక్కి నడిచి, చివర నిలబడి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది.

"మారుసో..." అని పిలిచింది. "మారుసో..."

రెండుసార్లు. బతికున్న మనిషిని పిలిచినట్టు.

మేరీమాత పండగ నాడు, ఊరేగింపు గట్టు మీదికి వచ్చిన వేళకు, 'డెస్పినా' రేవులోకి వచ్చింది. చుక్కాని దగ్గర కల్లిరోయి. తాడు పట్టుకుని పొలిక్సేని. పడవ ముక్కు దగ్గర లేసు కప్పుకుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని నికీతాస్. ఆర్గిరో ఇచ్చిన చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు. ఎన్ని గింజలకు ఎంతసేపు ఉడకాలో వెనక నుంచి ఆవిడ చెబుతోంది.

బ్యాండు వాళ్ళు వాయించడం మర్చిపోయారు.

"పడవ మీద మగపురుగు ఉండకూడదన్నది షరతు కదా," అన్నాడు కాఫీ కొట్టువాడు.

"సాయం పిలిచింది ఎవరో అడగండి," అంది కల్లిరోయి.

ఫాదర్ అడిగాడు. పండగ పూట అబద్ధం ఆడలేక నికీతాస్ చెప్పాడు. ఆ నవ్వు ఎంతసేపు సాగిందంటే ఊరేగింపు గంట ఆలస్యమైంది. మర్నాడు తన సగం రాసిచ్చాడు. ఇవ్వకపోతే ఆర్గిరో ఊరుకునేట్టు లేదు.

పొలిక్సేని ఇదంతా నాకు గట్టు మీద కూచుని చెప్పింది. అయిపోయాక అడిగాను.

"రేవు మూతి దగ్గర మీరు పిలిచారు కదా. పలికిందా?"

పొలిక్సేని అటూ ఇటూ చూసింది. నా చెవి దగ్గరికి వంగింది. గాడిదలు అక్కడే ఉన్నాయి. ఒక్కటీ తల తిప్పలేదు. అంత నెమ్మదిగా చెప్పింది.

"రెండుసార్లు."

మార్చి నెలలో కల్లిరోయి పడవను ఒడ్డుకెక్కించి, ముక్కుకు కుడి పక్కా ఎడమ పక్కా ఉన్న అత్తగారి పేరు గీకేసి, రెండు చోట్లా తన పేరు రాసింది.